స్కాఫోల్డ్ ప్రోటీన్లు, పిల్లల మెదడు ఎదుగుదల: మా పర్లాకిమిడి వైపు అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో జువాలజీ పాఠాలు చెబుతాను. మా అక్క కూతురికి ఆరో ఏట జన్యు పరీక్ష చేయిస్తే షాంక్3 అనే జన్యువు ఉండే ముక్క ఒకటి లేదని తేలింది. ఆ రిపోర్టు అర్థం చేసుకోవడానికి నాకే నెల రోజులు పట్టింది. ఈ సంగతి నలుగురికీ తెలిశాక గజపతి, గంజాం, రాయగడ జిల్లాల తెలుగువాళ్ళూ, పక్కనే పాతపట్నం వాళ్ళూ తమ పిల్లల కాగితాలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. అందరూ అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. నేను డాక్టరును కాను. వైద్యం డాక్టర్లే చెప్పాలి. ఆ కాగితంలో రాసినదానికి అర్థమేమిటో మాత్రం నేను చెప్పగలను.

స్కాఫోల్డ్ అంటే మేస్త్రీలు కట్టే పరంజాయే కదా? మెదడులో పరంజా ఏమిటి?

మాటకు అర్థం అదే. కానీ పరంజాను గోడ లేచాక విప్పేస్తారు, దీన్ని విప్పరు. అందుకే నేను ఆ పోలిక వాడను. మా పెరట్లో ఆనప పాదుకి వేసిన పందిరి చూపిస్తాను. నాలుగు సరుగుడు రాటలు, పైన వెదురు బద్దలు, కొబ్బరి తాడు. తీగ చివర నుంచి నులితీగ ఒకటి గాలిలో ఊగుతూ వచ్చి బద్దను తాకుతుంది. తెల్లారి చూస్తే రెండు చుట్లు చుట్టుకుని ఉంటుంది. కాయ ఎంత బరువు తూగినా ఆ పట్టు మీదే వేలాడుతుంది. పందిరి కాయలు కాయదు, నీళ్ళు తాగదు. కానీ ఏ తీగ ఎక్కడ ఉండాలో, దేని పక్కన ఏది ఉండాలో నిర్ణయించేది అదే.

స్కాఫోల్డ్ ప్రోటీన్ చేసే పని కూడా ఇదే. సంకేతాన్ని అందుకునే రిసెప్టార్లనూ, అది అందాక లోపల పనిచేయాల్సిన ఎంజైములనూ, కణం ఆకారాన్ని నిలబెట్టే ఆక్టిన్ పోగులనూ ఒకచోట పట్టి ఉంచుతుంది. తాను మాత్రం ఏ రసాయనాన్నీ మార్చదు.

అది మెదడులో సరిగ్గా ఎక్కడుంటుంది?

ఒక నాడీకణం ఇంకో నాడీకణంతో మాట్లాడే చోటును సైనాప్సు అంటారు. రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఉండవు, నడుమ సుమారు 20 నానోమీటర్ల సందు ఉంటుంది. తల వెంట్రుక మందంలో అది కొన్ని వేల వంతు. ఇవతలి కణం గ్లుటమేట్ అనే రసాయనాన్ని ఆ సందులోకి వదులుతుంది. అవతలి కణం పొర మీద ఉన్న రిసెప్టార్లు దాన్ని అందుకుంటాయి. 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద సైనాప్సును చూసినవాళ్ళకు అవతలి పొరకు లోపలివైపున కాటుకతో గీసినట్టు నల్లటి గీత కనబడింది. అదే పోస్ట్‌సినాప్టిక్ డెన్సిటీ, పొట్టిగా పీఎస్డీ. మందం 30 నుంచి 50 నానోమీటర్లు. ఆ నలుపంతా కిక్కిరిసిన ప్రోటీన్లే.

అందులో బాగా పేరున్నది పీఎస్డీ-95. దీన్ని తయారుచేసే జన్యువు పేరు డీఎల్జీ4. ఒక్కో సైనాప్సులో ఇవి సుమారు 300 దాకా ఉంటాయని లెక్కగట్టారు. దీని ఒక కొసన రెండు కొవ్వు ఆమ్లాల ముక్కలు అతుక్కుంటాయి. వాటి సాయంతో కణపొరకు కరుచుకుని నిలబడుతుంది. ఒంటి మీద పీడీజెడ్ అనే మూడు గాడులుంటాయి. రిసెప్టార్ ప్రోటీన్ తోక చివరనుండే నాలుగైదు అమైనో ఆమ్లాలు ఆ గాడిలో దిగి కూర్చుంటాయి. నేను నులితీగ చివర చూపించేది ఇందుకే. గ్లుటమేట్‌ను అందుకునే రిసెప్టార్లలో ఎన్ఎండీఏ, ఏఎంపీఏ అని రకాలున్నాయి. ఎన్ఎండీఏ రిసెప్టార్ తోక ఇలా పీఎస్డీ-95లో దిగుతుందని 1995లో తేలింది. ఏఎంపీఏ రిసెప్టార్లు మాత్రం నేరుగా పట్టుకోవు, స్టార్‌గేజిన్ అనే ఇంకో ప్రోటీన్ నడుమ నిలబడి వాటిని అప్పగిస్తుంది.

పీఎస్డీ-95 కింద జీకేఏపీ, దాని కింద షాంక్ (షాంక్3 జన్యువు తయారుచేసే ప్రోటీన్ ఈ కుటుంబానిదే), షాంక్‌ను పట్టుకుని హోమర్. ఇలా అంతస్తులు అంతస్తులుగా దిగి చివరకు ఆక్టిన్ పోగులకు కట్టుకుంటుంది. షాంక్ లేకపోతే పైనున్నవాటికీ కిందనున్నవాటికీ నడుమ ముడి వదులవుతుంది. మా పాప కాగితంలో లేదని రాసినది ఆ ముడినే.

ఇవతలి గట్టున, అంటే రసాయనాన్ని వదిలే వైపున కూడా బసూన్, పికోలో, రిమ్, కాస్క్ అనే వేరే స్కాఫోల్డ్‌లు ఉన్నాయి. రెండు గట్లూ ఎదురెదురుగా నిలిచేలా న్యూరెక్సిన్, న్యూరోలిజిన్ అనే జంట సందు మీదుగా చేతులు కలుపుతాయి.

ఒకసారి కట్టుకున్నాక అది జీవితాంతం అలాగే ఉంటుందా?

పందిరి ఉంటుంది, బద్దలు మారుతుంటాయి. ఒక్కో ప్రోటీన్ అణువు ఉండేది కొన్ని రోజులో కొన్ని వారాలో. పాతది పోయి కొత్తది వచ్చి ఆ స్థానంలో కూర్చుంటుంది. పూరింటి కప్పు ఏటా కొత్తగా నేసినా ఇల్లు అదే ఉన్నట్టు. అంత రద్దీలో ఇవి చెల్లాచెదరు కాకుండా ఎలా ఉంటాయన్నది చాలాకాలం తేలలేదు. 2016లో హాంకాంగ్ పరిశోధకులు పీఎస్డీ-95నీ, సిన్‌గ్యాప్ అనే ప్రోటీన్‌నూ పరీక్షనాళికలో కలిపారు. అవి నీళ్ళలో నూనె బొట్టులా విడిగా చిక్కటి బొట్లుగా చేరాయి. ఆ వ్యాసం చదివిన రోజు క్లాసులో పాఠం ఆపి పిల్లలకు అదే చెప్పాను.

మా వాడి ఎంఆర్ఐ నార్మల్ అన్నారు. మరి జబ్బు ఎక్కడున్నట్టు?

ఈ ప్రశ్న అడగని తల్లి లేదు. స్కాన్ నార్మల్ వస్తే "వీడికేం లేదు, మీరే గారాబం చేస్తున్నారు" అనేవాళ్ళు ఎదురవుతారు. మా అక్క ఆ మాట మూడేళ్ళు పడింది. పాపకు మూడేళ్ళప్పుడు ఒక ఆస్పత్రిలో స్కాన్ చూసి, వాళ్ళ నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి కదా, ఆగండి, అదే వస్తుందన్నారు. ఆగాం. ఆ మూడేళ్ళు తిరిగి రావు.

ఎంఆర్ఐలో కనబడే అతి చిన్న చుక్క సుమారు ఒక మిల్లీమీటరు. 2024లో మనిషి మెదడు పైపొరలోంచి ఒక ఘన మిల్లీమీటరు ముక్కను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో పూర్తిగా పటం గీశారు. మహా అయితే ఆవగింజంత ఉంటుంది ఆ ముక్క. అందులో సుమారు 57,000 కణాలు, 15 కోట్ల సైనాప్సులు ఉన్నాయి. మీ బాబు స్కాన్‌లో ఒక్క చుక్క అంటే అంత. అందులో పందిరి ముళ్ళు వదులుగా ఉన్నాయో బిగువుగా ఉన్నాయో ఏ స్కానూ చూపించలేదు. స్కాన్ నార్మల్ అంటే గడ్డ లేదు, రక్తస్రావం లేదు, మెదడు ఆకారం బాగుందని. అంతవరకే.

పీడీజెడ్ అన్న పేరు ఎక్కడిది?

మూడు ప్రోటీన్ల మొదటి అక్షరాలు. పీఎస్డీ-95, ఈగల్లో డీఎల్జీ, కణాల అతుకుల్లో ఉండే జెడ్‌ఓ-1. నడిమిది అరటిపండు మీద వాలే చిన్న ఈగది. ఆ జన్యువు చెడితే ఈగ పిల్లపురుగులో రెక్కగా మారాల్సిన బిళ్ళ ఆగకుండా పెరిగి గడ్డ కడుతుంది. కణాలకు తమ పైవైపు ఏదో, పక్కవైపు ఏదో తెలియకుండా పోతుంది. మెదడు కట్టుబడికి ఎంతో ముందే, ఒంట్లో కణాల వరసలు సరిగా నిలవడానికే ఈ ప్రోటీన్ల కుటుంబం పనికొచ్చిందన్నమాట. మెదడు ఆ పాత సామాన్లనే తెచ్చుకుని వాడుకుంది.

బిడ్డ ఎదిగే కొద్దీ ఇందులో ఏం మారుతుంది?

పుట్టిన తొలి నెలల్లో మెదడు అవసరానికి మించి సైనాప్సులు కట్టేస్తుంది. మెదడు ముందుభాగంలో ఒకటి రెండేళ్ళ వయసుకు వాటి సాంద్రత పతాకస్థాయికి చేరి, తర్వాత వాడనివి రాలిపోతూ యౌవనం దాకా తగ్గుతుందని 1979లో పీటర్ హుటెన్‌లోకర్ చూపించారు. ఏది ఉండాలి, ఏది రాలాలి అన్న ఎంపికలో స్కాఫోల్డ్‌లది పెద్ద పాత్ర. లేత సైనాప్సుల్లో ఎస్‌ఏపీ102 అనే దగ్గరి చుట్టం ఎక్కువగా ఉంటుంది. వయసు పెరిగే కొద్దీ పీఎస్డీ-95 పెరుగుతుంది, దానితో పాటు ఎన్ఎండీఏ రిసెప్టార్ రకం కూడా మారుతుంది.

పీఎస్డీ-95 వస్తే సైనాప్సు ముదురుతుంది, నిలదొక్కుకుంటుంది. అది లేని ఎలుకల్లో చూపుకు సంబంధించిన మెదడు భాగం పెద్దయ్యాక కూడా పసితనంలోలా మెత్తగానే, అంటే ఇట్టే మారేలా ఉండిపోతుంది. మెత్తగా ఉండటం మంచిదే కదా అనిపించవచ్చు. కానీ 1998లో చూస్తే, పీఎస్డీ-95 దెబ్బతిన్న ఎలుకల్లో సైనాప్సులు మామూలుకన్నా సులువుగా బలపడ్డాయి, నీళ్ళలో దారి నేర్చుకోవడంలో మాత్రం అవి వెనకబడ్డాయి. తడి సిమెంటు మీద అడుగు ఇట్టే పడుతుంది, గట్టిపడకపోతే ఆ అడుగు నిలవదు.

ఇందులో ఏది పాడైతే ఏ ఇబ్బంది వస్తుంది?

షాంక్3 జన్యువు 22వ క్రోమోజోము పొడుగు కొమ్మ చివర ఉంటుంది. ఆ చివర తెగిపోయినా, జన్యువు లోపలి డీఎన్ఏ రాతలో అక్షరం మారినా వచ్చేదాన్ని ఫెలాన్-మెక్‌డెర్మిడ్ సిండ్రోమ్ అంటారు. పసితనంలో ఒళ్ళు మెత్తగా వాలిపోవడం, మాటలు రాకపోవడం లేదా బాగా ఆలస్యం కావడం, నేర్చుకోవడంలో వెనకబాటు, చాలామందిలో ఆటిజం, కొందరిలో ఫిట్స్. షాంక్3లో మార్పులకూ ఆటిజానికీ సంబంధం ఉందని 2007లో బయటపడింది. అయితే ఆటిజం ఉన్న నూరుమందిలో షాంక్3 కారణమయ్యేది సుమారు ఒక్కరిలో. కాబట్టి మాటలు రాని ప్రతి పిల్లవాడికీ ఇదేనని అనుకోవద్దు.

సిన్‌గ్యాప్1 చెడితే మేధోవైకల్యం, మూర్ఛ. అది స్కాఫోల్డ్ కాదు, పీఎస్డీ-95ని పట్టుకుని ఉండే ఎంజైము. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో దీని మీద పరిశోధన జరుగుతోంది. కాస్క్ చెడితే తల చిన్నదవుతుంది, చిన్నమెదడు సరిగా ఎదగదు. గెఫిరిన్ అనే ఇంకో స్కాఫోల్డ్ సంగతి వేరు. అది ఉత్తేజపరిచే సైనాప్సుల్లో ఉండదు, శాంతపరిచే సైనాప్సుల్లో ఉంటుంది. గ్రీకులో ఆ పేరుకు వారధి అని అర్థం. పైగా మాలిబ్డినం అనే లోహాన్ని ఎంజైములకు అందించే సహాయకాన్ని తయారుచేసే పని కూడా దానిదే. ప్రతి జన్యువూ అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటిగా రెండు ప్రతులు వస్తుంది. గెఫిరిన్ జన్యువు రెండు ప్రతులూ చెడిన బిడ్డకు పుట్టిన కొద్ది రోజుల్లోనే ఆగని ఫిట్స్ వస్తాయి.

మాది మేనరికం. మా అత్తగారు నావల్లే అంటున్నారు. నిజమా?

అమ్మా, దీనికి నిదానంగా జవాబు చెబుతాను, మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి.

మేనరికంలో పెరిగే ముప్పు ఒక రకం జబ్బులకే. ఒకే తాతగారి నుంచి వచ్చిన ఒకే దోషం మీలోనూ మీ వారిలోనూ నిద్రపోతూ ఉండి, బిడ్డకు రెండు వైపుల నుంచీ దొరికితే బయటపడే జబ్బులు. ఇందాక చెప్పిన గెఫిరిన్ జబ్బు అలాంటిదే. అక్కడ కూడా ఇద్దరి వాటా సమానం. ఒక్క తల్లి నుంచి వచ్చేది కాదు.

షాంక్3 అలా కాదు. దానికి ఒక్క ప్రతి చెడితే చాలు. అత్యధికులలో ఆ మార్పు తల్లిలోనూ ఉండదు, తండ్రిలోనూ ఉండదు. అండంలోనో వీర్యకణంలోనో కొత్తగా పుట్టినది. కాపీ రాసేటప్పుడు కలం జారినట్టు. ఈ భూమ్మీద పుట్టే ప్రతి బిడ్డలోనూ అమ్మానాన్నల్లో లేని కొత్త అక్షర మార్పులు సుమారు 60, 70 ఉంటాయి. నాలో ఉన్నాయి, మీలో ఉన్నాయి, మీ అత్తగారిలోనూ ఉన్నాయి. అవి పనిలేని చోట పడితే ఎవరికీ తెలియదు. షాంక్3 మీద పడితే తెలుస్తుంది. అలాంటి కొత్త అక్షర మార్పుల్లో ఎక్కువ భాగం తండ్రి వైపు నుంచి వస్తాయి. అలాగని అది తండ్రి తప్పూ కాదు. వీర్యకణాలను పుట్టించే కణాలు జీవితాంతం కాపీ అవుతూనే ఉంటాయి కాబట్టి అలా జరుగుతుంది.

గ్రహణం పట్టినప్పుడు బయటికి వచ్చాను, నీళ్ళ బిందె మోశాను, ఉపవాసం ఉన్నాను అని ఏడ్చిన తల్లులను చూశాను. వీటిలో ఏదీ 22వ క్రోమోజోము కొసను తెంపలేదు. తెంపే దారే లేదు.

మరి రెండో బిడ్డను కనవచ్చా?

ముందు మీ ఇద్దరికీ పరీక్ష కావాలి. కొందరు తల్లిదండ్రుల్లో క్రోమోజోము ముక్కలు చోటు మార్చుకుని, మొత్తం లెక్క సరిపోయి ఉంటుంది. వాళ్ళకేమీ ఇబ్బంది ఉండదు, బిడ్డకు మాత్రం లెక్క తప్పవచ్చు. అలాంటిది ఉంటే ముప్పు ఎక్కువ. లేకపోతే మళ్ళీ అదే రావడం చాలా అరుదు, అయినా సున్నా కాదు. ఈ మాట జన్యు సలహాదారు నోటి నుంచే వినండి.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. రెండు భాషల వల్లే మాటలు రాలేదంటున్నారు. తెలుగు మానేయాలా?

మానొద్దు. రెండు భాషల ఇంట్లో పెరిగినందుకు ఆటిజం ఉన్న పిల్లలకు మాటలు మరింత వెనకబడతాయని పరిశోధనల్లో తేలలేదు. షాంక్3 లేని సైనాప్సుకు తెలుగు అయినా ఒడియా అయినా ఒకటే కష్టం. అమ్మ తన భాష మానేసి తడబడుతూ ఇంకో భాషలో మాట్లాడితే బిడ్డకు దక్కేది తక్కువ మాటలు, తక్కువ పాటలు, తక్కువ ముద్దులు. గిడుగు రామమూర్తిగారు ఈ పర్లాకిమిడిలోనే ఉండి సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించడానికి తపించారు. ఇంటి భాష బిడ్డకు అడ్డం అనే మాట ఈ ఊరివాళ్ళ నోట వింటే నాకు బాధేస్తుంది.

మేం చేసింది ఇది. గ్లాసు బొమ్మ ఉన్న అట్టముక్క ఒకటి. ఇంట్లో మేం దాన్ని చూపించి "నీళ్ళు" అంటాం, బడిలో దిదీ అదే ముక్క చూపించి "పాణి" అంటుంది. బొమ్మ మారదు, చెయ్యి చాపే పద్ధతి మారదు. పాపకు రెండు మాటలూ ఒకే గ్లాసని తెలుసు.

మా బాబు దెబ్బ తగిలినా ఏడవడు. మొండితనమా?

కాదు. ఫెలాన్-మెక్‌డెర్మిడ్ ఉన్న పిల్లల్లో చాలామందికి నొప్పి మందంగా తెలుస్తుంది. ఒక సంక్రాంతికి మా పాప పెరట్లోంచి నవ్వుతూ వచ్చింది. వెనకాల గచ్చు మీద ఎర్రటి అడుగులు. మడమలో తుమ్మముల్లు మొదలంటా దిగి ఉంది. అప్పటినుంచి రోజూ రాత్రి కాళ్ళు కడిగేటప్పుడు అరికాళ్ళు, వేళ్ళ సందులు, నోరు, చెవులు చూస్తాం. ఏడుపు లేదని జ్వరమో చెవిపోటో లేదనుకోవద్దు. తిండి మానేసినా, ఉన్నట్టుండి చిరాకు పెరిగినా డాక్టరుకు చూపించండి.

కొందరికి చెమట కూడా సరిగా పట్టదు. మన వైశాఖ మాసపు ఎండల్లో అది ప్రమాదం. తడిగుడ్డ, నీడ, మాటిమాటికీ నీళ్ళు. దాహం అడగరు, మనమే పట్టాలి.

షాంక్‌కి జింక్ కావాలట కదా, జింక్ టానిక్ పట్టవచ్చా?

షాంక్3 అణువులు ఒకదానికొకటి చేరి పొరగా అల్లుకోవడానికి జింక్ సాయపడుతుందన్నది నిజమే. కానీ లేని ప్రోటీన్‌ను జింక్ పుట్టించలేదు. ఎక్కువైతే ఒంట్లో రాగి తగ్గి రక్తహీనత వస్తుంది. రక్తపరీక్షలో లోటు ఉందని తేలితేనే, డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడాలి. జ్ఞాపకశక్తి టానిక్కుల మీద డబ్బు తగలేయకండి, ఆ డబ్బుతో నాలుగు రోజులు థెరపీకి వెళ్ళవచ్చు.

దీనికి మందు ఎప్పుడొస్తుంది?

ఇవాళ నయం చేసే మందు లేదు. ఫిట్స్‌కు, నిద్రకు, మలబద్ధకానికి ఉన్నాయి, వాటిని నిర్లక్ష్యం చేయొద్దు. ఆశ ఎక్కడుందో చెబుతాను. 2016లో ఎంఐటీ పరిశోధకులు షాంక్3 ఆపేసి పుట్టించిన ఎలుకల్లో, అవి పెద్దయ్యాక ఆ జన్యువును తిరిగి పనిచేయించారు. తోటి ఎలుకలతో కలవడం మెరుగైంది, ఒళ్ళు పుండయ్యేలా గీరుకోవడం తగ్గింది. భయం, నడకలో తూలు మాత్రం తగ్గలేదు. పుట్టిన 20 రోజులకే పనిచేయిస్తే అవి కూడా బాగుపడ్డాయి. ఈ ఫలితాన్ని నేను రెండు విధాలా చదువుతాను. పెద్దయ్యాక కూడా మెదడు తలుపు పూర్తిగా మూసుకోదు. అయినా ముందు మొదలుపెట్టినవాళ్ళకు దక్కేది ఎక్కువ.

జన్యువునే ఎక్కించడానికి ఒక చిక్కుంది. మోసుకెళ్ళే వైరస్ సంచిలో సుమారు 4,700 అక్షరాలే పడతాయి. షాంక్3 రాత 5,000 దాటుతుంది. అందుకే ముఖ్యమైన భాగాలే ఉంచి పొట్టి షాంక్3 తయారుచేసి ఎలుకల్లో చూశారు, ఫలితం కనబడింది. విదేశాల్లో మందు వచ్చేసిందని ఫోనులో ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

ఏ పరీక్ష చేయించాలి? ఎక్కడికి వెళ్ళాలి?

మొదటి మెట్టు మీ అంగన్‌వాడీ. పిల్లల ఆరోగ్యాన్ని పరీక్షించే ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి, ఒకసారి బడికి రావాలి. వాళ్ళు రాస్తే జిల్లా ఆస్పత్రికి అనుబంధంగా ఉండే డీఈఐసీ (డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్) కేంద్రంలో పరీక్షలు, థెరపీ ఉచితం. అక్కడి నుంచి బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీకో, భువనేశ్వర్ ఎయిమ్స్‌కో పంపుతారు. విశాఖ దగ్గరని కేజీహెచ్‌కు వెళ్ళేవాళ్ళూ ఉన్నారు.

మామూలు కారియోటైప్‌లో, అంటే క్రోమోజోములను మైక్రోస్కోపు కింద చూసే పరీక్షలో, చిన్న ముక్క పోయినా కనబడకపోవచ్చు. క్రోమోజోమల్ మైక్రోఅర్రేలో కనబడుతుంది. అక్షరం మారితే ఎక్సోమ్ సీక్వెన్సింగ్, అంటే జన్యువుల రాతను అక్షరం అక్షరం చదివే పరీక్ష కావాలి. ముక్క పోయిందని తేలితే "రింగ్ క్రోమోజోమా?" అని, అంటే క్రోమోజోము రెండు కొసలూ అతుక్కుని ఉంగరంలా అయిందా అని తప్పకుండా అడగండి. దానికి మళ్ళీ కారియోటైపే కావాలి. రింగ్ అయితే పెద్దయ్యాక నాడుల మీద గడ్డలు వచ్చే ముప్పు ఉంది కాబట్టి చూసుకుంటూ ఉండాలి.

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం, మేధోవైకల్యం రెండూ ఉన్నాయి. వికలాంగులకిచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు ఒడిశాలో తీసుకున్నా దేశమంతా చెల్లుతుంది.

తాయెత్తు కట్టిస్తే తప్పా?

తప్పు కాదు. మా పాప చేతికీ ఉంది, మామ్మ కట్టింది. ఫిట్స్ మందు మాత్రం ఒక్క పూట కూడా ఆపొద్దు.

మా పిల్ల మాట్లాడుతుందా?

కొందరికి మాటలు వస్తాయి, కొందరికి కొన్ని మాటలే, కొందరికి రావు. ఏ పిల్లకు ఎంత వస్తుందో రిపోర్టు చూసి ఎవరూ చెప్పలేరు. కానీ వాళ్ళు అర్థం చేసుకునేది పలికేదానికన్నా చాలా ఎక్కువ. కాబట్టి పిల్ల ముందు కూర్చుని "దీని బతుకేమిటో" అని మాట్లాడకండి. మా పాపకు ఇప్పుడు పదకొండేళ్ళు. నోటితో పలికేవి "అమ్మ", "దా", "బూ". అట్టముక్కలు నలభై దాటాయి. మొన్న నేను కాలేజీ నుంచి ఎండలో వచ్చి అరుగు మీద కూలబడితే, లోపలికి వెళ్ళి వెతికి ఒక ముక్క తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. గ్లాసు బొమ్మది. పెట్టి, వంటింటి వైపు చూపించింది.